ప్రజాభిరుచి అనే సాకు: హాలీవుడ్ బ్లాక్‌లిస్టు, నేరకథా చిత్రాలు, లోకాభిప్రాయం

సాహిత్య చరిత్రలోనైనా, సినిమా చరిత్రలోనైనా ఒక ధోరణి ఎందుకు అంతరించిందో చెప్పవలసి వచ్చినప్పుడు చరిత్రకారులు సులభంగా ఆశ్రయించే మాట ఒకటి ఉంది: కాలం మారింది, ప్రజల అభిరుచి మారింది. వినడానికి సహజంగా ఉండే ఈ మాట ఎవరినీ బాధ్యులను చేయదు, ఆధారాలూ కోరదు. రెండవ ప్రపంచయుద్ధానంతరం అమెరికాలో వెలువడిన నేరకథా చిత్రాల విషయంలో ఇది అర్ధ శతాబ్దానికి పైగా చెల్లుబాటవుతూ వస్తోంది. 1972లో పాల్ ష్రేడర్ రాసిన ‘నోట్స్ ఆన్ ఫిల్మ్ న్వార్’ అనే ప్రసిద్ధ వ్యాసం ఇందుకు మంచి ఉదాహరణ. ఈ చిత్రాలకు ఇతివృత్తం కంటే శైలి ముఖ్యమని ష్రేడర్ నిర్ణయించారు. 1950ల మధ్యకు అవి సన్నగిల్లడానికి కారణం చెబుతూ, అమెరికన్లు తమను తాము మరింత మధ్యతరగతి మర్యాదతో చూసుకోవాలని ఉబలాటపడ్డారని, మెకార్తీ, ఐసెన్‌హోవర్‌ల ఎదుగుదలే అందుకు నిదర్శనమని అన్నారు.

ఈ వివరణలో కార్యకారణాలు తారుమారయ్యాయి. ష్రేడర్ నిదర్శనంగా చూపిన రాజకీయ వాతావరణమే ఆ చిత్రాలను రాసినవారిని, తీసినవారిని, వాటిలో నటించినవారిని పని నుంచి తొలగించింది. వంటవాళ్లను వెళ్లగొట్టి, ఆ తర్వాత వడ్డించినదాన్ని తిన్నందుకు అతిథుల రుచి మారిందని తీర్మానించడం వంటిది ఇది. బ్లాక్‌లిస్టు కొందరి జీవనోపాధిని దెబ్బతీసిన విషాదం మాత్రమే కాదు. నేరం అంటే ఏమిటి, నేరస్థుడు ఎవరు, మౌనం వహించేవాడిని ఏమనుకోవాలి అనే ప్రశ్నలకు నేరకథా చిత్రం ఇచ్చే సమాధానాలను అది మార్చింది. మారిన సమాధానాలను ప్రజాభిరుచి అని పిలిచే విమర్శ, బ్లాక్‌లిస్టు ప్రారంభించిన పనిని తనకు తెలియకుండానే పూర్తి చేస్తోంది. ఈ వ్యాసం ప్రతిపాదించే వాదం ఇదే.

ఉత్తర్వు లేని నిషేధం

తెలుగు సాహిత్య విద్యార్థికి నిషేధం అనగానే ప్రభుత్వ ఉత్తర్వు గుర్తుకు వస్తుంది. గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ (1939), సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మా భూమి’ నాటకం అటువంటి నిషేధాలకు గురైన కృతులు. అక్కడ నిషేధించిన ప్రభుత్వం కంటికి కనిపిస్తుంది. నిషేధానికి గురైన కృతి పేరు అందరికీ తెలుస్తుంది. ఆ నిషేధమే కృతికి ఒక చరిత్రను సమకూర్చి పెడుతుంది. హాలీవుడ్‌లో జరిగినది ఈ నమూనాకు లొంగదు.

1947 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన ‘అమెరికా వ్యతిరేక కార్యకలాపాల సంఘం’ వాషింగ్టన్‌లో సినిమా రంగంపై బహిరంగ విచారణ జరిపింది. (సెనేటర్ మెకార్తీకి ఈ సంఘంతో సంబంధం లేదు, ఆయన పేరు ఆ కాలానికంతటికీ తర్వాత అంటుకున్నది.) సంఘానికి అనుకూలురు కారని పేరుపడిన 19 మందిని పిలిపించగా వారిలో 11 మంది సాక్షిస్థానంలోకి వచ్చారు. వారిలో ఒకరైన జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెష్ట్ మరునాడే దేశం విడిచి వెళ్లారు. మిగిలిన 10 మంది తమ రాజకీయ సభ్యత్వం గురించి అడిగే హక్కు సంఘానికి లేదని, రాజ్యాంగపు మొదటి సవరణ తమకు రక్షణ అని వాదించారు. నవంబరులో ప్రతినిధుల సభ వారిపై ధిక్కార నేరం మోపింది. ఆ వెనువెంటనే న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో సమావేశమైన నిర్మాణ సంస్థల అధిపతులు ఆ పదిమందినీ పనిలో ఉంచుకోబోమని, తెలిసి తెలిసి కమ్యూనిస్టులకు ఉద్యోగం ఇవ్వబోమని ప్రకటించారు. అమాయకులకు హాని కలిగే ప్రమాదం, భయ వాతావరణం ఏర్పడే ప్రమాదం ఉన్నాయని అదే ప్రకటనలో ఒప్పుకున్నారు కూడా.

ఇక్కడ గమనించవలసిన అంశాలు రెండు. మొదటిది, ప్రభుత్వం ఏ చిత్రాన్నీ నిషేధించలేదు. రాయబోయే చిత్రానికి ఇవ్వవలసిన జీతం ఆగిపోయింది. ఆపినవి ప్రైవేటు సంస్థలు. రెండవది, సంఘం అడిగిన అసలు ప్రశ్న చిత్రాల గురించి కాదు. తెరపై కమ్యూనిస్టు ప్రచారం సాగుతోందన్న ఆరోపణతో విచారణ మొదలైంది. సాక్షులను నిలదీసింది మాత్రం పార్టీ సభ్యత్వం గురించి. చిత్రాన్ని చదివే శ్రమ తీసుకోకుండా చిత్రకారుడి మీద తీర్పు చెప్పే పద్ధతి ఆ విధంగా స్థిరపడింది.

1950లో సుప్రీంకోర్టు అప్పీలును వినడానికి నిరాకరించడంతో పదిమందీ జైలుకు వెళ్లారు. వారిలో రింగ్ లార్డ్‌నర్, లెస్టర్ కోల్ డాన్‌బరీ జైలుకు చేరేసరికి, వారిని విచారించిన సంఘాధ్యక్షుడు జె. పార్నెల్ థామస్ అక్కడే ఖైదీగా ఉన్నారు. తన కార్యాలయంలో పనిచేయని ఉద్యోగుల పేరిట జీతాలు తీసుకుని దిగమింగిన నేరం ఆయనది. అదే సంవత్సరం జూన్‌లో రేడియో, టెలివిజన్ రంగాలకు చెందిన 151 మంది పేర్లతో ‘రెడ్ చానెల్స్’ అనే పుస్తకం వెలువడింది. 1951లో మళ్లీ మొదలైన విచారణలలో పని దొరకాలంటే పూర్వ సహచరుల పేర్లు చెప్పాలన్న నియమం ఏర్పడింది. చెప్పిన పేర్లలో ఎక్కువ భాగం సంఘానికి ముందే తెలుసు. ఇది సమాచార సేకరణ కాదని, సాక్షిని బహిరంగంగా అవమానించి లొంగదీసుకునే తంతు అని విక్టర్ నవాస్కీ ‘నేమింగ్ నేమ్స్’ (1980)లో వివరంగా నిరూపించారు.

నేరం ఎవరిది?

బ్లాక్‌లిస్టు పూర్తిగా బిగుసుకోక ముందు, అంటే 1947–51 మధ్య, వామపక్ష రచయితలు, దర్శకులు తీసిన నేరకథా చిత్రాలకు థామ్ ఆండర్సన్ 1985లో ‘ఫిల్మ్ గ్రీ’ అని పేరు పెట్టారు. ‘న్వార్’ అంటే నలుపు, ‘గ్రీ’ అంటే బూడిదరంగు. ఆయన గుర్తించిన చిత్రాలు 13 మాత్రమే. సంఖ్య చిన్నదే అయినా ప్రశ్న పెద్దది. ఈ చిత్రాలలో నేరం సమాజానికి బయటి నుంచి వచ్చిపడిన ఉపద్రవం కాదు. సమాజం మర్యాదగా చేసుకునే వ్యాపారానికే మరో రూపం.

ఏబ్రహాం పొలాన్‌స్కీ దర్శకత్వం వహించిన ‘ఫోర్స్ ఆఫ్ ఈవిల్’ (1948) ఇందుకు ప్రబల నిదర్శనం. పేదలు చిల్లర డబ్బులతో మూడంకెల సంఖ్య మీద పందెం కాసే చట్టవిరుద్ధమైన లాటరీ ఇందులోని వస్తువు. అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై 4న జనం సెంటిమెంటుతో 776 మీద పందెం కాస్తారు. ఆ రోజు ఆ సంఖ్యే గెలిచేటట్లు చేస్తే చిన్న చిన్న పందెం నిర్వాహకులందరూ చెల్లింపులకు డబ్బు లేక దివాళా తీస్తారు; పెద్ద ముఠా వారిని తనలో కలుపుకొంటుంది. ఈ పథకం నడిపేది తుపాకీ పట్టిన రౌడీ కాదు, వాల్‌స్ట్రీట్‌లో కార్యాలయం ఉన్న న్యాయవాది జో మోర్స్. నష్టపోయే చిన్న నిర్వాహకుల్లో అతని అన్న లియో ఒకడు. చట్టవిరుద్ధ వ్యాపారం గుత్తాధిపత్యంగా మారే క్రమాన్ని చూపిస్తూనే, చట్టబద్ధ వ్యాపారం మారే క్రమాన్ని కూడా చిత్రం చెప్పకనే చెబుతుంది. ఇక్కడి చీకటి కెమెరా పనితనం మాత్రమే అనడం, కావ్యంలోని కరుణరసాన్ని ఛందస్సుకు అంటగట్టడంతో సమానం.

ఎడ్వర్డ్ డిమిట్రిక్ దర్శకత్వంలో ఏడ్రియన్ స్కాట్ నిర్మించిన ‘క్రాస్‌ఫైర్’ (1947)లో హత్యకు కారణం డబ్బు కాదు, అసూయ కాదు; యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుడిలో గూడుకట్టుకున్న యూదు ద్వేషం. ఉత్తమ చిత్రం సహా 5 ఆస్కార్ నామినేషన్లు పొందిన ఈ చిత్రం విడుదలైన కొద్ది నెలలకే దర్శక నిర్మాతలిద్దరూ విచారణ సంఘం ముందు నిలబడ్డారు. నవంబరులో ఆర్‌కెఓ సంస్థ ఇద్దరినీ తొలగించింది. జోసెఫ్ లోసీ ‘ది ప్రౌలర్’ (1951)లో హంతకుడు సాక్షాత్తూ గస్తీ పోలీసు. పరాయి భార్యను, ఆమె భర్త మరణిస్తే వచ్చే డబ్బును, దానితో కొనగల మోటల్‌ను కోరుకున్న అతడు, ఆగంతకుడిపై కాల్పులు జరిపినట్లు నటించి ఆ భర్తను చంపుతాడు. ఈ చిత్రం రాసిన డాల్టన్ ట్రంబో పేరు తెరపై లేదు. కాని చిత్రంలో రేడియో ప్రసారకుడైన ఆ భర్త గొంతు ట్రంబోదే. పేరు నిషిద్ధమైన రచయిత గొంతు థియేటర్లన్నింటిలోనూ వినిపించింది. ప్రేక్షకుడికి ఆ సంగతి తెలియదు.

సై ఎండ్‌ఫీల్డ్ తీసిన ‘ది సౌండ్ ఆఫ్ ఫ్యూరీ’ (1950) మరింత ముందుకు వెళ్లింది. 1933లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో జరిగిన మూకహత్య దీనికి ఆధారం. నిరుద్యోగి అయిన హోవర్డ్ టైలర్ కుటుంబం గడవక ఒక నేరగాడికి తోడవుతాడు. కిడ్నాప్ హత్యగా పరిణమిస్తుంది. పత్రికా రచయిత గిల్ స్టాంటన్ రాసిన రెచ్చగొట్టే కథనాలు చదివిన జనం జైలు మీద పడి నిందితులను చంపుతారు. నేరం చేసినవాడితో పాటు, ఆ నేరాన్ని ఖండిస్తూ తాము హంతకులైన జనం, వారిని రెచ్చగొట్టిన పత్రిక కూడా ఇక్కడ బోనులో నిలబడతారు. లోకాభిప్రాయం ఎలా తయారవుతుందో చూపించిన ఈ చిత్ర దర్శకుడి పేరు 1951 విచారణల్లో బయటపడింది. ఆయన బ్రిటన్ వెళ్లిపోయారు.

ఈ చిత్రంలోని ప్రధాన నటుల తర్వాతి పాత్రలను పరిశీలిస్తే మార్పు స్వభావం స్పష్టమవుతుంది. నిరుద్యోగిగా నటించిన ఫ్రాంక్ లవ్‌జాయ్ 1951లో ‘ఐ వాజ్ ఎ కమ్యూనిస్ట్ ఫర్ ది ఎఫ్‌బిఐ’ చిత్రంలో పార్టీలో చేరి రహస్య సమాచారం అందించే వ్యక్తిగా నాయకపాత్ర ధరించారు. పత్రికా రచయితగా నటించిన రిచర్డ్ కార్ల్‌సన్ 1953 నుంచి ‘ఐ లెడ్ త్రీ లైవ్స్’ అనే టెలివిజన్ ధారావాహికలో సరిగ్గా అదే రకం పాత్రలో ఇంటింటికీ పరిచయమయ్యారు. నటులు వారే, నేరం మారింది. పైగా లవ్‌జాయ్ నటించిన ఆ కల్పిత కథాచిత్రానికి ఆస్కార్ వారు ఉత్తమ డాక్యుమెంటరీ విభాగంలో నామినేషన్ ఇచ్చారు. కల్పన వాస్తవంగా నమోదు కావడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

ప్రతినాయకుల మార్పిడి

బ్లాక్‌లిస్టు కాలపు నేరకథకు ప్రతినాయకుడు కావాలి. అతడు సమాజపు సొంత బిడ్డ కాకూడదు. ఈ అవసరం కథలను ఏ మేరకు శాసించిందో తెలుసుకోవడానికి మూడు సందర్భాలు చాలు.

‘ది విప్ హ్యాండ్’ (1951) మొదట హిట్లర్ బతికి ఉండి అమెరికాలో దాగిన కథగా తయారైంది. ఆర్‌కెఓ అధిపతి హోవర్డ్ హ్యూస్ ఆదేశంతో నాజీల స్థానంలో కమ్యూనిస్టులను పెట్టి మళ్లీ చిత్రించారు. రెండవది ఆర్థర్ మిల్లర్ రాసిన ‘ది హుక్’. న్యూయార్క్ ఓడరేవు కార్మికులను పీడించే రౌడీ సంఘ నాయకుల మీద రాసిన ఈ స్క్రిప్టులో రౌడీలను కమ్యూనిస్టులుగా మార్చమని 1951లో ఒత్తిడి వచ్చింది. మిల్లర్ స్క్రిప్టును వెనక్కి తీసుకున్నారు. ఆ చిత్రం తయారు కాలేదు. మూడవది శామ్యూల్ ఫుల్లర్ తీసిన ‘పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్’ (1953). ఇందులో ప్రతినాయకులు కమ్యూనిస్టు గూఢచారులు. ఫ్రాన్స్‌లో విడుదల చేసినప్పుడు డబ్బింగులో వారిని మాదకద్రవ్యాల వ్యాపారులుగా మార్చారు. కథకు ఏ లోటూ రాలేదు.

నాజీ కమ్యూనిస్టు కావచ్చు, రౌడీ కమ్యూనిస్టు కావచ్చు, కమ్యూనిస్టు మాదకద్రవ్యాల వ్యాపారి కావచ్చు. ఈ మార్పిడి ఇంత సులభంగా సాగిందంటే ఆ పాత్రకు సిద్ధాంతం లేదని, చరిత్ర లేదని అర్థం. అది ఒక ఖాళీ స్థానం. ఆ స్థానంలో ఎవరిని కూర్చోబెట్టినా ప్రేక్షకుడు చేయవలసిన పని ఒక్కటే: తన ఊరు, తన వీధి, తన యజమాని నిర్దోషులని నమ్మి ఇంటికి వెళ్లడం. ‘ఫోర్స్ ఆఫ్ ఈవిల్’ ప్రేక్షకుడికి ఈ సౌకర్యం కలిగించదు.

వ్యక్తిలోకి ముడుచుకుపోవడం నేరం పట్టిన మరో దారి. ‘క్రాస్‌ఫైర్’ దర్శకుడు డిమిట్రిక్ జైలు నుంచి వచ్చి 1951లో పేర్లు చెప్పారు. మరుసటి ఏడాది తీసిన ‘ది స్నైపర్’లో హంతకుడు స్త్రీద్వేషంతో బాధపడే ఒంటరి మానసిక రోగి. అటువంటివారికి శిక్ష కంటే చికిత్స అవసరమని చిత్రం చెబుతుంది. అది మానవీయమైన దృష్టే. అయినా ‘క్రాస్‌ఫైర్’లో సమాజంలో ఉన్న ద్వేషం ఇక్కడ ఒక మెదడులోకి కుదించుకుపోయింది. ఇందులో పోలీసు అధికారిగా నటించినది 1947 విచారణలో సంఘానికి అనుకూల సాక్షిగా వచ్చిన అడాల్ఫ్ మెంజూ కావడం ఆ కాలపు పరిస్థితికి తగినట్లే ఉంది.

మౌనానికి మారిన అర్థం

లోకాభిప్రాయం గురించి మాట్లాడేటప్పుడు అమెరికన్ ప్రజలు మొదటినుంచీ విచారణల వైపే ఉన్నారని అనుకోవడం పరిపాటి. 1947 నవంబరు నాటి గాలప్ సర్వే ఈ ఊహను బలపరచదు. విచారణను సమర్థించినవారు 37 శాతం, వ్యతిరేకించినవారు 36 శాతం. సమాధానం చెప్పని రచయితలను శిక్షించాలన్నవారు 47 శాతం కాగా, శిక్షించకూడదన్నవారు 39 శాతం. నిర్మాతలు వాల్డార్ఫ్ ప్రకటన చేసినప్పుడు లోకాభిప్రాయం చీలి ఉంది. శిక్ష విషయంలో మాత్రం శిక్షించాలన్న వైపే కొంత మొగ్గి ఉంది. కనుక నిర్మాతలు ఏకగ్రీవమైన ప్రజాభిప్రాయానికి తలవంచారనే మాట నిలవదు.

ఆ తర్వాత నాలుగేళ్లలో ఏమి జరిగింది? 1951 మార్చిలో రెండు విచారణలు ఒకేసారి సాగాయి. సెనేటర్ కెఫావర్ అధ్యక్షతన వ్యవస్థీకృత నేరాలపై న్యూయార్క్‌లో జరిగిన విచారణను కోట్ల మంది టెలివిజన్‌లో చూశారు. ముఠా నాయకుడు ఫ్రాంక్ కాస్టెల్లో తన ముఖం చూపవద్దని కోరగా కెమెరాలు ఆయన చేతులను మాత్రమే చూపించాయి. నేరగాళ్లు వరుసగా వచ్చి, తమకు వ్యతిరేకంగా తామే సాక్ష్యం చెప్పనవసరం లేదన్న అయిదవ సవరణను ఆశ్రయించి మౌనం పాటించారు. అదే నెలలో హాలీవుడ్ రెండవ విడత విచారణ మొదలైంది. పదిమందికి మొదటి సవరణ రక్షణ ఇవ్వలేదని తేలిపోయింది కనుక, కొత్త సాక్షులు కూడా అయిదవ సవరణనే ఆశ్రయించవలసి వచ్చింది.

దీని ఫలితం ఊహించడం కష్టం కాదు. 1947లో మౌనం ఒక హక్కు గురించిన వాదం. 1951 నాటికి అది ముఠా నాయకుడి నోట కోట్ల మంది విన్న మాట. సినిమా ఈ పోలికను స్థిరపరచింది. కెఫావర్ స్వయంగా తెరపై కనిపించిన ‘ది క్యాప్టివ్ సిటీ’ (1952) తరహా చిత్రాలలో నేరం దేశమంతటా అల్లుకున్న రహస్య వలయం. దాని సభ్యులు మామూలు పౌరుల వేషంలో ఉంటారు. వారు నోరు విప్పరు. కమ్యూనిస్టు పార్టీని వర్ణించడానికి విచారణ సంఘం వాడిన భాష కూడా ఇదే. రెండు కథలకూ వ్యాకరణం ఒక్కటైనప్పుడు ఒక కథ నేర్పిన తీర్పు రెండవ కథకు తనంత తానే వర్తిస్తుంది.

శామ్యూల్ స్టౌఫర్ 1954లో దాదాపు 5,000 మందిని ప్రశ్నించి 1955లో ప్రచురించిన సర్వేను ఈ వెలుగులో చదవాలి. మీకు ఎక్కువ ఆందోళన కలిగించే విషయాలేమిటని అడిగితే దేశంలోని కమ్యూనిస్టుల ప్రమాదాన్ని తమంత తాముగా పేర్కొన్నవారు 1 శాతం కంటే తక్కువ. అదే ప్రజలలో, కమ్యూనిస్టు తమ ఊళ్లో ఉపన్యసించడానికి అనుమతించవచ్చని అన్నవారు 27 శాతం మాత్రమే. అంటే, ప్రజలు భయంతో వణికిపోలేదు. వారి దైనందిన ఆందోళనలు ఆరోగ్యం, కుటుంబం, డబ్బు. అయినా అడిగినప్పుడు నిషేధానికి తల ఊపారు. భయం వేరు, సమ్మతి వేరు. తనకు ఎన్నడూ ఎదురుపడని మనిషి గురించి తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడు ఎవరైనా అంతకుముందే పరిచయమైన బొమ్మను ఆశ్రయిస్తారు. ఆ బొమ్మను అందించిన వాటిలో పత్రికలు, రేడియో, చర్చి వేదికలతో పాటు నేరకథా చిత్రం ఒకటి.

పేర్లు చెప్పేవాడే కథానాయకుడు

ఈ పరిణామానికి శిఖరం ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ (1954). దర్శకుడు ఎలియా కజాన్ 1952లోనూ, రచయిత బడ్ షుల్‌బర్గ్ 1951లోనూ, సంఘ నాయకుడి పాత్రధారి లీ జె. కాబ్ 1953లోనూ విచారణ సంఘానికి పేర్లు చెప్పినవారు. ఓడరేవు కార్మికుడు టెర్రీ మల్లోయ్ తన పోషకుడైన సంఘ నాయకుడికి వ్యతిరేకంగా నేర విచారణ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పడం ఇందులోని ఇతివృత్తం. 8 ఆస్కార్లు పొందిన ఈ చిత్రం కళాఖండం కాదని ఎవరూ అనలేరు. అసలు చిక్కు అందులోనే ఉంది.

టెర్రీ బయటపెట్టినది హత్య. కజాన్, షుల్‌బర్గ్ బయటపెట్టినది పూర్వమిత్రుల పార్టీ సభ్యత్వం. హత్యను దాచడం పాపమని ఏ ప్రేక్షకుడైనా అంగీకరిస్తాడు. ఆ అంగీకారాన్ని చిత్రం నిజాయితీగా సంపాదించుకుంటుంది. సంపాదించిన తర్వాత దాన్ని హత్యతో పోలికలేని మరో చర్యకు బదిలీ చేస్తుంది. ఈ బదిలీ తెరపై ఎక్కడా ఒక్క మాటలోనూ కనిపించదు. కనిపించదు కనుకనే అది పనిచేస్తుంది. పేర్లు చెప్పడానికి నిరాకరించినవాడు అప్పటినుంచి ప్రేక్షకుడి మనసులో రేవులో మూగబోయిన పిరికివాడికి సాటి అవుతాడు.

పేరు బయటపడినవారి వైపు నుంచి ఇదే అంశం ఎలా కనిపించిందో తెలుసుకోవడానికి ‘రిఫిఫి’ (1955) చూడాలి. డిమిట్రిక్ చెప్పిన పేర్లలో ఒకటైన జూల్స్ డాసిన్ హాలీవుడ్‌లో పని దొరకక ఫ్రాన్స్‌లో తీసిన చిత్రం ఇది. నగల దుకాణం దోచుకున్న నలుగురిలో సీజర్ అనేవాడు ఒత్తిడికి లొంగి తోటివారి పేరు చెబుతాడు; అందుకు ప్రాణం పోగొట్టుకుంటాడు. ఆ పాత్రను డాసిన్ మరో పేరుతో స్వయంగా పోషించారు. తనకు ద్రోహం చేసినవాడి ముఖాన్ని తన ముఖంతోనే చూపించడంలో కోపమే కాదు, ఆ బలహీనత ఎవరిలోనైనా ఉండవచ్చన్న ఎరుక కూడా ఉంది. ఒక్క సంవత్సరం తేడాతో వచ్చిన ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టకుండా, మొదటిదాన్ని నటనకూ రెండవదాన్ని దోపిడీ దృశ్యానికీ మాత్రమే మెచ్చుకునే విమర్శ అసలు వివాదాన్ని వదిలిపెట్టింది.

అభ్యంతరాలు

ఈ వాదానికి మూడు అభ్యంతరాలు ఎదురుకావచ్చు. కమ్యూనిస్టు వ్యతిరేక చిత్రాలలో చాలావాటిని ప్రేక్షకులు ఆదరించలేదన్నది మొదటిది. అది నిజమే. అయితే లోకాభిప్రాయాన్ని మార్చే శక్తి ఆ ప్రచార చిత్రాలకు ఉందని ఇక్కడ వాదించడం లేదు. ముఠా చిత్రం, పోలీసు దర్యాప్తు చిత్రం, సాక్షి చిత్రం ప్రచారమని తోచకుండానే ఆ పని చేశాయి.

రెండవది, హాలీవుడ్ ఆర్థిక కారణాలతోనే మారిందని. 1948లో సుప్రీంకోర్టు పారామౌంట్ తీర్పుతో నిర్మాణ సంస్థలు తమ థియేటర్లను వదులుకోవలసి వచ్చింది. టెలివిజన్ ప్రేక్షకులను లాక్కుంది. ఈ కారణాలను తోసిపుచ్చనవసరం లేదు. కాని ఆర్థిక ఇబ్బందులు తక్కువ ఖర్చుతో తయారయ్యే నేరకథా చిత్రాలకు అనుకూలమే. ఖర్చు తగ్గించుకోవలసిన పరిశ్రమ, తక్కువ ఖర్చుతో మంచి చిత్రాలు తీయగల పొలాన్‌స్కీని, లోసీని, ఎండ్‌ఫీల్డ్‌ను ఎందుకు వదులుకుందో మార్కెట్ సూత్రం చెప్పలేదు.

మూడవది బలమైనది. విమర్శనాత్మక చిత్రాలు 1951 తర్వాత కూడా వచ్చాయి కదా? ‘ది బిగ్ హీట్’ (1953)లో నగరపాలన మొత్తం ముఠా గుప్పిట్లో ఉంటుంది. నిజమే, కాని అక్కడ ముఠా ఒక నిజాయితీపరుడైన పోలీసు కోసి తీసివేయగల కణితి. ‘కిస్ మీ డెడ్లీ’ (1955) మరింత క్లిష్టమైనది. దాన్ని రాసిన ఎ. ఐ. బెజెరిడిస్ అంతకుముందు డాసిన్‌కు ‘థీవ్స్ హైవే’ (1949) రాసినవారు. పళ్ల మార్కెట్లో లారీ డ్రైవర్లను దళారి దోచుకునే తీరు ఆ పాత చిత్రానికి వస్తువు. ఎవరు ఎవరిని ఎలా దోచుకుంటారో అది లెక్క కట్టి చూపింది. ‘కిస్ మీ డెడ్లీ’లో మిగిలింది అణుయుగపు ప్రళయభీతి. దాని ఆగ్రహం గొప్పదే. ఆ ఆగ్రహానికి చిరునామా లేదు. నల్లదనం మిగిలింది, నింద ఎవరిపై వేయాలో తెలిపే కథ పోయింది. శైలే ఈ చిత్రాల సారమన్న ష్రేడర్ నిర్ణయం ఈ తర్వాతి దశకు కొంత వర్తించవచ్చు. దాన్ని మొదటి దశకు కూడా విస్తరింపజేయడమే పొరపాటు.

ఇక్కడ మరొక జాగ్రత్త అవసరం. ఈ చిత్రాలను పార్టీ ప్రచారంగా చదివితే విచారణ సంఘం ఆరోపణనే మెచ్చుకోలుగా తిప్పి చెప్పినట్లవుతుంది. ‘ఫోర్స్ ఆఫ్ ఈవిల్’లో పార్టీ లేదు, నినాదం లేదు, అన్నను బలి ఇచ్చిన తమ్ముడి సిగ్గు ఉంది. సభ్యత్వాన్ని బట్టి చిత్రాన్ని కొలవడం సంఘం పద్ధతి. పరిశోధకుడి పద్ధతి చిత్రాన్ని చదవడం.

ముగింపు

జాన్ గార్‌ఫీల్డ్ 1951 ఏప్రిల్‌లో సంఘం ముందు హాజరై పేర్లు చెప్పలేదు. 1952 మేలో 39 ఏళ్లకే గుండెపోటుతో మరణించారు. పొలాన్‌స్కీ తన పేరుతో రెండవ చిత్రానికి దర్శకత్వం వహించేసరికి 1969 వచ్చింది. మొదటిదానికీ దానికీ మధ్య 21 ఏళ్లు. ఈ మధ్యకాలంలో ఆయన రహస్యంగా రాసిన నేరకథా చిత్రం ‘ఆడ్స్ ఎగెనెస్ట్ టుమారో’ (1959) నల్లజాతి నవలాకారుడు జాన్ ఒ. కిలెన్స్ పేరు అడ్డుపెట్టుకుని వెలువడింది. రచయితల సంఘం పొలాన్‌స్కీ పేరును 1996లో తిరిగి చేర్చింది. ట్రంబో పేరు 1960లో ‘ఎక్సోడస్’, ‘స్పార్టకస్’ చిత్రాలతో తెరపైకి వచ్చింది. ఈ పునరుద్ధరణలు న్యాయమైనవి. అయితే పేరు తిరిగి వచ్చినంత మాత్రాన ప్రశ్న తిరిగి రాదు. ఆ ఇరవై ఏళ్లలో తీయని చిత్రాలకు పేరు చేర్చగల సంఘం ఏదీ లేదు.

ప్రజాభిరుచి అనే మాట ఈ లోటును కప్పిపుచ్చుతుంది. ప్రేక్షకులు కోరుకున్నదే తీశామని నిర్మాతలు అనడం అర్థం చేసుకోదగినది. అది వారి వ్యాపార భాష. చరిత్రకారుడు అదే మాట అంటే, ప్రేక్షకుడి ముందు ఎంపికకు ఏముంచారన్న ప్రశ్నను వదిలిపెట్టినట్లే. తెలుగు సాహిత్య, సినిమా చరిత్రలలోనూ ‘ఫలానా ధోరణి క్షీణించింది’, ‘పాఠకులు దూరమయ్యారు’ అనే వాక్యాలు పాఠ్యగ్రంథాల నిండా ఉన్నాయి. వాటిలో కొన్ని నిజం కావచ్చు. ఏవి నిజమో తేల్చాలంటే ప్రతి క్షీణత వద్దా పరిశోధకుడు అడగవలసిన మొదటి ప్రశ్న అభిరుచి గురించి కాదు. ఆ రచనలు చేస్తున్నవారికి ఆ సంవత్సరాలలో పని దొరికిందా, దొరకకపోతే ఎవరు ఇవ్వలేదు అన్నది. నిషేధపు ఉత్తర్వు కనిపించనంత మాత్రాన నిషేధం జరగలేదని తీర్మానించే పరిశోధన, వాల్డార్ఫ్ హోటల్లో తలుపులు వేసుకుని తీసుకున్న నిర్ణయానికి ఆలస్యంగా వేసిన సంతకమే అవుతుంది.